తిరుపతి నుంచి స్కాట్లాండ్‌లో చల్లనీళ్ళ డైవింగ్‌కి పోవాలంటే: యూకే విజిటర్ వీసా దరఖాస్తు విధానం

పాండిచ్చేరిలోనో అండమాన్‌లోనో ఓపెన్ వాటర్ కోర్సు (స్కూబా డైవింగ్‌లో మొదటి కోర్సు) చేసొచ్చిన మన తిరుపతి, చిత్తూరు పిల్లలు ఈ మధ్య నన్ను అడిగేది ఒకటే, "అన్నా, చల్లనీళ్ళ రీఫ్‌లో దిగాలంటే ఎక్కడ అప్లై చేయాల" అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నా.

నేను పోయింది సెయింట్ ఆబ్స్‌కి. స్కాట్లాండ్ తూర్పు తీరంలో ఎడిన్‌బరోకి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉండే చిన్న హార్బర్ ఊరు, 2022లో రెస్టన్‌లో రైల్వే స్టేషన్ తెరిచినాక పోవడం ఇంకా సులువైంది. 1984 నుంచి అక్కడి సముద్రాన్ని వాలంటరీ మెరైన్ రిజర్వ్‌గా, అంటే స్వచ్ఛందంగా, కాపాడుకుంటా ఉన్నారు, అడుగున ఉండేది ఏదీ ముట్టుకుని పైకి తేకూడదు. మనం ఫోటోల్లో చూసే రంగురంగుల పగడాల దిబ్బ కాదు అది, అంతా రాయే, రాయి మీద కెల్ప్ అనే పొడుగాటి సముద్రపు నాచు అడవి మాదిరి ఊగతా ఉంటాది, ఇంకాస్త లోతుకి పోతే వెలుతురు చాలక కెల్ప్ ఆగిపోయి అక్కడినుంచి రాయి నిండా డెడ్ మెన్స్ ఫింగర్స్ అనే మెత్తటి పగడం తెల్లగా, నారింజరంగుగా పరుచుకుని ఉంటాది, సందుల్లోంచి ఉల్ఫ్‌ఫిష్ తల బయటపెట్టి చూస్తాది. కెథీడ్రల్ రాక్ అని నీళ్ళ కింద ఒక రాతి తోరణం ఉంది. తిరుమల శిలాతోరణం సముద్రంలో మునిగిపోయి, దాని కిందినుంచి మనం ఈదుకుంటా పోతున్నామని ఊహించుకోండి, అంతే.

అక్కడ నీళ్ళలో దిగడానికి ప్రభుత్వ పర్మిట్ అంటూ విడిగా ఏమీ లేదు. మన దరఖాస్తు అంతా వీసాకే. స్టాండర్డ్ విజిటర్ వీసా అంటారు, మామూలుగా 6 నెలలకి ఇస్తారు.

ముందు పాస్‌పోర్ట్. తిరుపతిలోనే పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది, 36 పేజీలది మామూలు పద్ధతిలో అయితే 1500 రూపాయలు, తత్కాల్ కావాలంటే ఇంకో 2000 ఎక్కువ. పదో తరగతి సర్టిఫికెట్ పెట్టండి, అప్పుడు ఈసీఆర్ ముద్ర (కొన్ని దేశాలకి పనికి పోయేముందు అనుమతి తీసుకోవాలనే ముద్ర) పడదు. మనవాళ్ళు ఇరుక్కునేది పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు ఒక అక్షరంగా ఉంటాది, టెన్త్ మెమోలో పూర్తిగా ఉంటాది, బ్యాంకులో ఇంకోరకంగా ఉంటాది. పాస్‌పోర్ట్‌లో ఇనీషియల్ కుదరదు, ఇంటిపేరు విడదీసి పూర్తిగా రాయాల, అందుకని ముందు ఆధార్ సరిచేయించుకుని అప్పుడు స్లాట్ బుక్ చేయండి. మీ డైవింగ్ కార్డు మీద పేరు వేరేగా ఉంటే దాన్ని కూడా మార్పించండి, నా కార్డులో ఇంటిపేరే లేదు, దాన్ని సరిచేయించడానికే చాలా రోజులు పట్టింది.

వీసా ఫారం ఆన్‌లైన్లోనే, యూకే ప్రభుత్వ సైట్ గవ్ డాట్ యూకేలో. ప్రయాణానికి 3 నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, అంతకంటే ముందు తీసుకోరు. సేవ్ చేసుకుంటా మెల్లగా నింపొచ్చు, ఒక్క పూటలో అయిపోవాలని తొందరపడొద్దు. అమ్మానాన్నల పుట్టిన తేదీలు అడుగుతారు, మన ఇళ్ళలో పెద్దోళ్ళకి సరైన తేదీ తెలీదు కదా, వాళ్ళ ఆధార్‌లో ఏముంటే అదే రాయండి. జీతం ఎంత, నెలకి ఖర్చు ఎంత, ఈ ట్రిప్‌కి ఎంత పెడుతున్నారు, ఎవరు పెడుతున్నారు అని అడుగుతారు, ఈ నాలుగు అంకెలూ ఒకదానికొకటి పొంతన కుదరాల. ఫీజు మారతా ఉంటాది కాబట్టి చివర్లో స్క్రీన్ మీద ఎంత చూపిస్తే అంతే.

డబ్బు విషయం కొంచెం వివరంగా చెప్తా. ఖాతాలో ఇంత ఉండాల అని వాళ్ళు ఎక్కడా ఒక అంకె రాయలేదు. వాళ్ళు చూసేది ఈ డబ్బు నిజంగా మీదేనా, మీరు తిరిగి వస్తారా అని. మా ఇంట్లో సంపాదన తోతాపురి తోట మీదే, కాయ సీజన్లో తోలేసినా ఫ్యాక్టరీ వాళ్ళు నెలల తర్వాత మొత్తం ఒకేసారి వేసినారు, అది సరిగ్గా నేను అప్లై చేసే ముందు వారం ఖాతాలో పడింది. చూసేవాళ్ళకి అది ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి వేసినట్టే ఉంటాది. అందుకని కాయ తోలిన బిల్లులు, నాన్న పట్టాదారు పాస్ పుస్తకం, తహసీల్దార్ ఇచ్చిన ఇన్‌కమ్ సర్టిఫికెట్ పెట్టి, ఈ డబ్బు దేనికి వచ్చిందో ఒక పేజీ లెటర్ రాసినా. తెలుగులో ఉండే కాగితానికి ఇంగ్లీష్ అనువాదం తప్పకుండా కావాల, దాని మీద ఇది సరైన అనువాదమే అనే మాట, తేదీ, అనువాదకుడి పూర్తి పేరు, సంతకం, కాంటాక్ట్ వివరాలు ఉండాల. ఎవరైనా ఏజెంటు "బ్యాలెన్స్ నేను చూపిస్తా" అంటే ఆ పక్కకే పోవద్దు, దొంగ కాగితం దొరికితే ఏళ్ళ తరబడి మీ పేరు మీద వీసా రాదు.

డైవింగ్ కాగితాలు వీసాకి తప్పనిసరి కాదు గానీ నేను పెట్టినా, సర్టిఫికేషన్ కార్డు కాపీ, బోట్ బుకింగ్ ఈమెయిల్, రూమ్ బుకింగ్. ఎందుకు పోతున్నామో చూడగానే అర్థమవుతాది. డ్రై సూట్ (ఒంటికి నీళ్ళు తగలనీయని డైవింగ్ సూట్) కోర్సు అక్కడే నేర్చుకుందాం అనుకుంటే, విజిటర్ వీసా మీద 30 రోజుల లోపు సరదా కోర్సులు చేసుకోవచ్చు, ఆ సంగతి ఫారంలో దాచకుండా రాయండి. పని మాత్రం చేయకూడదు, జీతం లేని పని కూడా. "సిలిండర్లు మోస్తా, బోట్ కడుగుతా, బదులుగా ఫ్రీగా డైవ్ చేయనీయండి" అని మనవాళ్ళు ఇక్కడ మాట్లాడుకునే మాదిరి అక్కడ మాట్లాడుకుంటే అది వీసా రూల్ దాటడమే, ఆ మాట ఈమెయిల్లో కూడా రాయొద్దు.

వేలిముద్రలు, ఫోటోకి మనకి దగ్గర చెన్నై వీఎఫ్ఎస్ సెంటర్ (వీఎఫ్ఎస్ అంటే వీసా దరఖాస్తులు తీసుకునే కంపెనీ). తెల్లారుజామున బస్సెక్కితే పుత్తూరు, నగరి మీదుగా పోయి సాయంత్రానికి వెనక్కి వచ్చేయొచ్చు, కాకపోతే స్లాట్ మధ్యాహ్నానికి తీసుకోండి, ట్రాఫిక్‌ని నమ్మలేం. కాగితాలు ముందే ఇంట్లో స్కాన్ చేసి అప్‌లోడ్ చేసేస్తే అక్కడ స్కానింగ్‌కి డబ్బు కట్టే పనిలేదు. లాంజ్ అని, మెసేజ్ అని అమ్మేవన్నీ మన ఇష్టమే, తీసుకోకపోయినా ఏం కాదు. వేలిముద్రలు ఇచ్చినాక ఫీజు వెనక్కి రాదు. ఆ రోజు నుంచి మామూలుగా 3 వారాల్లో నిర్ణయం వస్తాది.

తేదీల గురించి ఒక మాట. మేలో ప్లాంక్టన్ (నీళ్ళలో తేలే కంటికి ఆనని జీవులు) పెరిగి నీళ్ళు మసకబారతాయి, ఆగస్టు, సెప్టెంబర్ మంచిది. అప్పుడు కూడా నీళ్ళు 13, 14 డిగ్రీలే. కార్తీకంలో కపిలతీర్థం ధార కింద నిలబడితేనే వణికిపోతాం, సెయింట్ ఆబ్స్‌లో ముప్పావు గంట చల్లనీళ్ళలోనే ఉండాల, అందుకే డ్రై సూట్. తూర్పు గాలి తోలితే బోట్లు కదలవు కాబట్టి ప్లాన్లో రెండు రోజులు ఖాళీ పెట్టుకోండి. ఆఖరి డైవ్‌కీ ఫ్లైట్‌కీ మధ్య కనీసం 18 గంటలు ఉండాల, డైవ్ చేసిన వెంటనే ఎత్తుకి పోతే ఒంట్లో మిగిలిన గాలి బుడగలై ప్రమాదం. (పాండిచ్చేరిలో పొద్దున డైవ్ చేసి అదే రాత్రి దర్శనానికి కొండెక్కేవాళ్ళు కూడా వినండి, తిరుమల దాదాపు 3000 అడుగుల ఎత్తు, ఒక రోజు ఆగి పోండి.)

మెడికల్ ఫారం వీసా వాళ్ళకి అక్కర్లేదు, డైవింగ్ వాళ్ళకి కావాల. 10 ప్రశ్నలుంటాయి, ఉబ్బసం, గుండె, 45 ఏళ్ళు దాటడం లాంటివి ఉంటే డాక్టర్ సంతకం దాకా పోవచ్చు, అది ఇక్కడే చేయించుకుని పోండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు స్కూబా, రీకంప్రెషన్ ఛాంబర్ (ఒంట్లో బుడగలు పడితే వైద్యం చేసే ప్రెషర్ గది) ఖర్చు కవర్ అవుతాయా అని పాలసీలో చదవండి, మామూలు ట్రావెల్ పాలసీలు చాలావాటిలో లోతుకి పరిమితి ఉంటాది.

వీసా రాగానే పేరు, పాస్‌పోర్ట్ నెంబర్, తేదీలు సరిచూసుకోండి, తప్పుంటే టికెట్ కొనకముందే చెప్పాల. అప్‌లోడ్ చేసిన కాగితాలన్నీ ప్రింట్ తీసి చేతి సంచిలో పెట్టుకోండి, ఎడిన్‌బరో ఇమిగ్రేషన్లో నన్ను ఎన్ని రోజులు, ఎక్కడ ఉంటావు అని అడిగినారు, బోట్ బుకింగ్ చూపించినా, పంపించేసినారు.