ముసురు పట్టకముందే ఫోర్‌వీల్ బండి అదురు ఎక్కడిదో తేల్చుకోండి

మృగశిర వానలు దిగి ఉబాల (వరి నాట్ల) నాటికి సీతంపేట కొండ దారులు, మందస నుంచి మహేంద్రగిరి వైపు పోయే మట్టి రోడ్లు బురదైపోతాయి. ఆ తర్వాత తుఫాన్ల వంతు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర, 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటాయి. పాత జీపైనా, థార్ అయినా, జిమ్నీ అయినా, ఫోర్‌వీల్‌తో పని పడేది అప్పుడే. వేసవిలో 70 దగ్గర సీటు కింద సన్నగా మొదలైన అదురును ‘రోడ్డు బాగోలేదులే’ అని వదిలేస్తే, అది ముదిరేదీ అప్పుడే. పైగా వానల్లో అదురు వెతకడం కష్టం. బురదా, గుంతలూ, తడిసిన బ్రేకులూ తలో రకంగా అదిరిస్తుంటే దేని వాటా ఎంతో తేలదు. ఈ పని మే నెలలో, పొడి తారు రోడ్డు మీద కావాలి.

కింద చెప్పేదంతా టూ హై (రెండు చక్రాలకే పవరు), ఫోర్ హై (నాలుగింటికీ), ఫోర్ లో (నాలుగింటికీ, నెమ్మదిగా ఎక్కువ బలంతో) అని లివరుతో గానీ స్విచ్చితో గానీ మార్చుకునే పార్ట్‌టైమ్ బండ్ల గురించి. నాలుగు చక్రాలకూ ఎప్పుడూ పవరు వెళ్ళే ఆల్‌వీల్ డ్రైవ్ కార్లకు ప్రొపెల్లర్ షాఫ్ట్ (యాక్సిల్‌కు పవరు తీసుకెళ్ళే పొడవాటి గొట్టం) విప్పి చూసే పద్ధతి పనికిరాదు.

విప్పడానికి ముందు రాసుకోవడం

షెడ్డుకెళ్ళి ‘వైబ్రేషన్ వస్తోంది’ అని మాత్రమే చెబితే క్లచ్ ప్లేటు మారుతుంది, అదురు మాత్రం అలాగే ఉంటుంది. ఎప్పుడు వస్తోందో చెప్పగలగాలి. తెల్లవారుజామున ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డు చూసుకోండి. పక్కన ఒకరు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోవాలి. బండి టూ హైలో ఉండాలి. 40, 60, 80 దగ్గర కాసేపు నిలకడగా నడిపి, అదురు ఎక్కడ మొదలై ఎక్కడ తగ్గిందో రాయించండి.

అదురు బాగా తెలిసే వేగం దొరికాక మూడు పరీక్షలు చేయాలి. మొదటిది: అదే వేగంలో క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయండి. ఇంజను ఆపొద్దు, ఆపితే స్టీరింగూ బ్రేకూ బరువెక్కుతాయి. న్యూట్రల్లో కూడా అదురు తగ్గలేదంటే తప్పు టైర్లలోనో, ప్రొపెల్లర్ షాఫ్టులోనో, వీల్ బేరింగులోనో ఉంది. చప్పున పోయిందంటే లోడు పడ్డప్పుడు కదిలేవాటిని అనుమానించండి: ఇంజన్ మౌంటింగులు, క్లచ్, యాక్సిల్ లోపలి జాయింట్లు, వాటితోపాటు అరిగిన క్రాసులు (షాఫ్టు కొసల్లో వంగే జాయింట్లు). రెండోది: అదే వేగాన్ని ఒక గేరు తగ్గించి పట్టుకోండి. వేగంతో సంబంధం లేకుండా ఇంజను చుట్లతో పాటు అదురు జరిగితే అది ఇంజను వైపుది. మూడోది: బండి నిలబెట్టి, న్యూట్రల్లో అవే చుట్లకు రేస్ చేయండి. నిలబడ్డ బండి కూడా అదిరితే చక్రాల జోలికి పోనక్కర్లేదు.

చేతికీ కంటికీ అందే తేడా ఇంకొకటి ఉంది. 235/70 ఆర్16 టైరు 80 కి.మీ. వేగంలో సెకనుకు దాదాపు 10 చుట్లు తిరుగుతుంది. క్రౌన్ పినియన్ (యాక్సిల్ లోపలి గేర్ల) నిష్పత్తి 4.1 అనుకుంటే, అదే సెకనులో ప్రొపెల్లర్ షాఫ్ట్ 40 చుట్లు తిరుగుతుంది. అందుకే టైరు అదురు దడదడమని స్టీరింగును, సీటును ఊపుతుంది. షాఫ్ట్ అదురు ఝుమ్మని పాదాల కిందకు వస్తుంది, లోపలి అద్దంలో వెనక వచ్చే బండి నంబరు మసకబారుతుంది.

ముందు ఖర్చు లేనివి

చక్రాల లోపలి వైపు చూడండి. పొలం దారిలో తిరిగిన బండికి రిమ్ము లోపల ఒక పక్కన బంకమన్ను పట్టి, ఎండకు ఇటుకలా గట్టిపడుతుంది. అరచేయంత పెళ్ళ చాలు, 60 దాటగానే స్టీరింగు ఆడటానికి. బయటి నుంచి నీళ్ళు కొడితే అది రాదు. చక్రం విప్పి, చెక్క ముక్కతో గీకి, కడగాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ గొట్టానికి పట్టిన మన్నూ అంతే. చక్రం మళ్ళీ బిగించేటప్పుడు నట్లు ఎదురెదురుగా బిగించి, 50–100 కి.మీ. తిరిగాక ఇంకోసారి చూడాలి. బారువ, భావనపాడు ఇసుకలో దిగిన బండిని ఆ రోజే మంచినీళ్ళతో కింద నుంచి కడగండి, ఉప్పు క్రాసుల సీళ్ళను తినేస్తుంది.

నాలుగు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. రెండు కొత్తవి, రెండు పాతవి వేసుకోవడం మామూలు కార్లకు చెల్లుతుంది గానీ ఫోర్‌వీల్‌లో చిక్కే. గాడి 8 మి.మీ. ఉన్న టైరుకూ 3 మి.మీ. ఉన్న టైరుకూ చుట్టుకొలతలో 31 మి.మీ. తేడా. పైన చెప్పిన సైజులో అరిగిన టైరు కిలోమీటరుకు 6 చుట్లు ఎక్కువ తిరగాలి. ఫోర్ హైలో ముందు షాఫ్టునీ వెనక షాఫ్టునీ ట్రాన్స్‌ఫర్ కేసు (పవరును ముందుకీ వెనక్కీ పంచే గేర్ల పెట్టె) ఒకటిగా కట్టేస్తుంది కాబట్టి, ఆ ఆరు చుట్లు మెలికగా మారి గేర్ల మీద పడతాయి. స్టెప్నీ విషయంలోనూ ఇదే లెక్క.

తారు మీద ఫోర్ హై

వానాకాలంలో షెడ్డుకొచ్చే ‘అదురు’ బండ్లలో కొన్నింటికి అసలు జబ్బే ఉండదు. బురద దాటాక లివరు వెనక్కి వేయడం మరిచిపోయి, తారు రోడ్డు ఎక్కి, మలుపులో బండి పట్టేసినట్టు కుంటుతుంటే కంగారుపడి వస్తారు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే పెద్ద చుట్టు తిరగాలి. బురదలో అయితే ఏదో ఒక చక్రం జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు. మెలిక పేరుకుపోయి, టైరు ఒక్కసారిగా గెంతి, బండి ధడ్‌మంటుంది. అప్పుడు లివరు కూడా కదలదు. బలంగా లాగి ఫోర్కు వంచుకోకండి. స్టీరింగు తిన్నగా పెట్టి, నెమ్మదిగా కొన్ని అడుగులు రివర్సులో వెళ్తే మెలిక విడి, లివరు దానంతటదే వదులవుతుంది. విజయనగరం నుంచి సాలూరు మీదుగా ఒడిశా ఘాటెక్కేవాళ్ళు తడిసిన తారును చూసి ఫోర్ హై వేస్తుంటారు. వాన నిలిచి రోడ్డు ఆరుతున్నప్పుడు తీసేయాలి.

టూ హైలో కూడా మలుపుల్లోనే అదురు, వెనక నుంచి టకటకమంటే వెనక డిఫరెన్షియల్‌ని (యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టెను) చూడండి. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రమే ఊరికే తిరగకుండా ఆపే) రకానికి తగిన నూనె పోయకపోతే లోపలి ప్లేట్లు పట్టి పట్టి వదులుతాయి.

క్రాసులు, షాఫ్టు

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. సమతల నేల మీద ఇంజను ఆపి, చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టి కిందికి దూరండి. గేరు న్యూట్రల్లో పెట్టాలి, లేకపోతే షాఫ్ట్ బిగిసి ఉండి వదులు తెలియదు. క్రాసుకు ఇటో చేయి అటో చేయి వేసి, ఎదురెదురుగా తిప్పండి. పైకీ కిందికీ కూడా లేపి చూడండి. చేతికి కొంచెం తెలిసినా సరే, ఆ క్రాసు మార్చాల్సిందే. కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపల సూదులు (సన్నటి బేరింగు రోలర్లు) ఎండిపోయాయన్నమాట. క్లచ్ వదలగానే ‘టక్’, రివర్సు వేయగానే మళ్ళీ ‘టక్’ అనేది కూడా ఎక్కువగా ఈ జబ్బే.

గ్రీజు నిపుల్ ఉన్న క్రాసుకు లిథియం ఈపీ-2 గ్రీజు నాలుగు కప్పుల నుంచీ కొత్తది బయటికొచ్చేదాకా కొట్టాలి. మూడింట్లోంచి వచ్చి నాలుగోది రాకపోతే, ఆ కప్పు ఎండుతోందని అర్థం. స్లైడింగ్ జాయింటుకు (షాఫ్టు పొడవు సర్దుకునే చోట) కూడా కొట్టండి. బ్రేకు వేసి బండి ఆగాక వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపిస్తే అది ఎండిపోయి ఉంటుంది. రెండు ముక్కల షాఫ్టయితే మధ్య బేరింగు రబ్బరు చీలిందేమో చూడండి. మొదటి గేరులో కదిలేటప్పుడు మాత్రమే వచ్చే అదురుకు అది తరచు కారణం.

విప్పేటప్పుడు ఫ్లాంజి (బోల్టులు బిగించే అంచు) మీదా, స్లైడింగ్ పళ్ళ మీదా పెయింటుతో గీత పెట్టాలి. షాఫ్టు రెండు కొసల్లో ఉన్న యోకు (క్రాసును పట్టుకునే ముక్క) చెవులు ఒకే వరుసలో ఉండాలి. ఒక పన్ను తప్పి తొడిగినా, చుట్టుకు రెండుసార్లు అదురు కొత్తగా పుడుతుంది. కొత్త క్రాసు వేసేటప్పుడు కప్పులో సూది ఒకటి అడ్డంగా పడిపోతుంది. కప్పు పూర్తిగా దిగదు, సర్‌క్లిప్ గాడిలో కూర్చోదు. అక్కడే సుత్తి లేస్తుంది. ఆపి, కప్పు బయటికి తీసి, సూదులు గ్రీజుతో అతికించి మళ్ళీ తొడగమనండి. బిగించాక క్రాసు చేత్తో నాలుగు వైపులా పట్టేయకుండా తిరగాలి.

బండి ఎత్తు పెంచే కిట్టు వేసినవాళ్ళు కోణం కొలవాలి. రెండు క్రాసుల షాఫ్టులో ఒక్కో క్రాసు కోణం 3 డిగ్రీల లోపు, రెండింటి మధ్య తేడా 1 డిగ్రీలోపు ఉంటే మంచిది. కిట్టు వేసిన నాటి నుంచే అదురు మొదలైతే బ్యాలెన్సింగులతో డబ్బు పోగొట్టుకోకండి.

తప్పు ముందు షాఫ్టుదో వెనకదో తేలకపోతే, రెండు కొసలా ఫ్లాంజి బోల్టులున్న ముందు షాఫ్టును విప్పి, టూ హైలో అదే రోడ్డు మీద నడిపి చూడండి. అదురు పోతే దొంగ దొరికినట్టే. జాకీ మీద ఒక యాక్సిల్ మాత్రమే లేపి, ఫోర్ హైలో ఇంజను తిప్పి చూసే పని మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. నేల మీదున్న చక్రాలు బండిని ముందుకు దూకిస్తాయి.

మిగతావి

కదిలేటప్పుడే గజగజలాడి, క్లచ్ పూర్తిగా వదిలాక సర్దుకుంటే క్లచ్ ప్లేటుకు నూనె తగలడమో, ఫ్లైవీల్ మాడి మచ్చలు పడటమో, మౌంటింగు రబ్బరు చీలడమో. కమాన్ కట్టల బండ్లలో యూ బోల్టులు వదులైనా అచ్చం ఇలాగే ఉంటుంది. బ్రేకు వేస్తేనే అదిరితే డిస్కులు. గుంత తగలగానే స్టీరింగు చేతుల్లోంచి ఊడిపోయేలా ఊగితే అది వాబ్లింగ్: కింగ్‌పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు, ప్యాన్‌హార్డ్ రాడ్డు బుష్‌లు చూడాలి. కొత్త స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే ఊపు కొన్నాళ్ళు దాక్కుంటుంది, అంతే.

నూనె, బ్రీదరు

వేడెక్కిన యాక్సిల్ హౌసింగు చల్లటి గెడ్డ నీళ్ళలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. బ్రీదరు (హౌసింగుకు గాలి ఆడే గొట్టం) మట్టితో మూసుకుపోయి ఉంటే, ఆ ఖాళీ నింపడానికి సీళ్ళ అంచు నుంచి నీళ్ళు లోపలికి వెళ్తాయి. బ్రీదరు గొట్టంలో ఊది చూడండి, గాలి పోవాలి. డిఫరెన్షియల్ నూనె చూడటానికి పై ప్లగ్గు ముందు విప్పాలి. అది రాకముందే కిందిది విప్పేస్తే నూనె పోయాక నింపే దారుండదు. నూనె ఆ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. పాల టీ రంగులోకి మారితే నీళ్ళు కలిసినట్టు, వెంటనే మార్చాలి. డిఫరెన్షియల్‌కు సాధారణంగా జీఎల్-5 80డబ్ల్యూ-90 వాడతారు. దాన్నే అలవాటుగా గేరు బాక్సులోనూ పోయకండి, జీఎల్-4 అడిగే బాక్సుల్లో ఇత్తడి రింగులు పాడవుతాయి. ట్రాన్స్‌ఫర్ కేసులో కొన్ని బండ్లకు గేరాయిలు, కొన్నింటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరు బాక్సు నూనె). బండి పుస్తకం చూసి పోయండి.

దారిలో క్రాసు పోతే

వెనక క్రాసు విరిగి, షాఫ్టు రెండు కొసలా ఫ్లాంజితో ఉంటే, విప్పి బండిలో వేసుకుని, ఫోర్ హైలో ముందు చక్రాలతో నెమ్మదిగా దగ్గరి ఊరు చేరొచ్చు. స్లైడింగు కొస నేరుగా ట్రాన్స్‌ఫర్ కేసులోకి దూరే రకమైతే నూనె కారిపోతుంది, లాగించుకోవడమే మేలు. విప్పడానికి ముందే చక్రాలకు దిమ్మలు పెట్టండి. పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉంటుంది. వెనక షాఫ్టు ఊడదీసిన క్షణం నుంచి ఆ హ్యాండ్‌బ్రేకు ఎంత లాగినా వెనక చక్రాలను పట్టదు.