ఘోస్ట్ ఆర్కిడ్ చూడాలంటే ముందు వేర్లు వెతకండి

జూన్ వచ్చిందంటే మా టాంపా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న తప్పదు: "అక్కా, ఆ దయ్యం పువ్వు పూసిందా? పిల్లల్ని తీసుకెళ్దామని." దయ్యం పువ్వంటే ఇక్కడ ఫ్లోరిడా చిత్తడి అడవుల్లో చెట్ల మీద పెరిగే ఘోస్ట్ ఆర్కిడ్. అడిగిన ప్రతివాళ్ళకీ ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా ఒకచోట రాసి పెడితే నయమని ఇది రాస్తున్నాను.

ఎక్కడికి వెళ్ళాలో చెప్పడం తేలిక. నేపుల్స్ దగ్గర కార్క్‌స్క్రూ స్వాంప్ శాంక్చురీ. పక్షుల్ని కాపాడే ఆడుబాన్ సొసైటీ వాళ్ళది. టాంపా నుంచి ఐ-75 మీద రెండున్నర గంటలు, ఎగ్జిట్ 111లో దిగి ఇమోకలీ రోడ్డు పట్టుకోవాలి. చిత్తడి మీదుగా రెండుంపావు మైళ్ళ చెక్క బాట ఉంది, స్ట్రోలర్‌తోనైనా హాయిగా తిరగొచ్చు. ఆ బాటకి వందడుగుల దూరంలో ఒక ముసలి సైప్రస్ చెట్టు. దాని మీద యాభై అడుగుల ఎత్తున ఒక పెద్ద ఘోస్ట్ ఆర్కిడ్ మొక్క ఉన్నట్టు 2007 జులైలో బయటపడింది. ఒకేసారి చాలా పూలు పూస్తుంది కాబట్టి దాన్ని సూపర్ ఘోస్ట్ అంటారు. జూన్ నుంచి ఆగస్టు దాకా సీజన్, జులై మంచి అదను. బయల్దేరే ముందు పూసిందో లేదో శాంక్చురీ వాళ్ళని కనుక్కోండి, టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకోండి.

అసలు కష్టం అక్కడికి చేరాక మొదలవుతుంది. అందరూ పువ్వు కోసం వెతుకుతారు. మీరు వేర్లు వెతకండి. ఎందుకంటే ఆ మొక్కంటే వేర్లే. ఆకులుండవు. కాండం ఉందా అంటే ఉంది, వేర్లన్నీ కలిసే చోట చిన్న బొడిపెలా. అక్కడినుంచి బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ వేర్లు బెరడుకి అతుక్కుని అన్ని వైపులకీ పాకుతాయి. మామూలుగా ఆకు చేయాల్సిన వంట ఇక్కడ వేర్లే చేస్తాయి, పత్రహరితం వాటిలోనే ఉంది. మా నాన్నగారు రాజమండ్రిలో బోటనీ లెక్చరర్‌గా రిటైరయ్యారు. ఆయన్ని తీసుకెళ్తే, అక్కడ పెట్టిన స్కోపులో (దూరపువి దగ్గరగా చూపే దుర్భిణి) కన్ను పెట్టి, పువ్వు ఊసెత్తకుండా, "వేరు మీద తెల్ల గీతలున్నాయేమిటే?" అన్నారు. సరిగ్గా చూడాల్సింది అదే. ఆ పొట్టి పొట్టి తెల్ల గీతల దగ్గరే వేరులోకి గాలి ఆడుతుంది. వేరు పైన వెలామెన్ అనే పొర ఉంటుంది. ఎండినప్పుడు అది వెండిలా తెల్లబడుతుంది, వాన పడితే నీళ్ళు పీల్చుకుని లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుంది. అందుకే వాన వెలిసిన పొద్దున వెళ్ళడం మంచిది. తడి బెరడు నల్లగా, వేర్లు పచ్చగా విడివిడిగా తెలుస్తాయి.

ఆకుల్లేని ఆర్కిడ్లు ఆ అడవుల్లో వేరేవీ ఉన్నాయి. హారిసెల్లా వేర్లు దారప్పోగుల్లా సన్నం. అవి చూసి దొరికేసిందని సంబరపడొద్దు, వేరు లావుగా ఉండాలి, తెల్ల గీతలుండాలి. కంటికి అభ్యాసం కావాలంటే పాండ్ ఆపిల్, పాప్ యాష్ చెట్ల మొదళ్ళని బైనాక్యులర్‌తో తడుముతూ నడవండి. ఘోస్ట్ ఆర్కిడ్‌కి ఎక్కువగా ఇష్టమైన చెట్లు అవే. పాండ్ ఆపిల్ మన సీతాఫలానికి దాయాది, రెండూ అనోనా ప్రజాతివే. 

సీజన్‌లో వాలంటీర్లు సూపర్ ఘోస్ట్ వైపు స్కోపు పెట్టి ఉంచుతారు. అది లేని రోజు పది రెట్లు దగ్గరగా చూపే 10x42 బైనాక్యులర్ లేకుండా లాభం లేదు, ఆ దూరానికి పువ్వు ఒక తెల్ల చుక్క. స్కోపులోంచి ఫోన్‌తో తీసేటప్పుడు పువ్వు మీద వేలు నొక్కి వెలుతురు బాగా తగ్గించండి. లేకపోతే చీకటి అడవిలో తెల్ల మచ్చ తప్ప ఏమీ రాదు. తగ్గిస్తే కింది రేకుకి రెండువైపులా మెలి తిరిగి వేలాడే తోకలు కూడా పడతాయి.

పువ్వు వెనక సన్నటి గొట్టం ఉంటుంది, దాదాపు అయిదంగుళాలు. తేనె దాని అడుగున. రాత్రిపూట వాసనకి వచ్చే పెద్ద రెక్కల చిమ్మటలే అక్కడిదాకా నాలిక చాపగలవు. జెయింట్ స్ఫింక్స్ అనే చిమ్మట ఒక్కటే ఈ పువ్వుకి దిక్కని ఎన్నో ఏళ్ళు చెప్పుకున్నారు. 2019లో బయటికొచ్చిన ఫొటోల్లో పుప్పొడి ముద్ద మోస్తూ దొరికింది ఫిగ్ స్ఫింక్స్. నాలిక మరీ పొడవైతే తల పువ్వుకి ఆనదు, పుప్పొడి అంటదు, తేనె మాత్రం ఖాళీ. ఫిగ్ స్ఫింక్స్ గొంగళిపురుగు తినేది మర్రి, రావి కుటుంబపు ఆకులు. అంటే ఆ చెట్లు పోతే ఈ పువ్వుకీ కాయ నిలవడం కష్టమే.

"ఇంట్లో పెంచుకోవచ్చా?" అని కూడా అడుగుతారు. వద్దు. గింజ ధూళంత సన్నం, లోపల తిండి నిల్వ ఉండదు. సెరటోబేసిడియం అనే బూజు జతకలిస్తేనే అడవిలో మొలుస్తుంది. ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్ళు ల్యాబులో గింజనుంచి పెంచి అడవిలో నాటుతున్నారు, కానీ అది పెరట్లో కుండీ వ్యవహారం కాదు. అడవిలోంచి పీకిన మొక్క సాధారణంగా చచ్చిపోతుంది, పైగా నేరం. ఎవరైనా చవగ్గా అమ్ముతానంటే అది ఎక్కడిదో అడగండి.

చెక్క బాట దిగి నీళ్ళలో నడవాలన్న సరదా ఉన్నవాళ్ళకి ఫకహాచీ స్ట్రాండ్ అనే మరో చిత్తడి అడవి ఉంది. అక్కడ గైడుతోనే వెళ్ళండి, మొసళ్ళూ విషపు పాములూ ఉంటాయి. అక్కడ మొక్క కనిపిస్తే ఫొటో తీయండి గానీ ఫోన్‌లో లొకేషన్ ఆపేశాకే తీయండి. గ్రూపులో పెట్టేటప్పుడు ఏ చెట్టో, ఏ దారో రాయొద్దు. దొంగలు కూడా అవే పోస్టులు చదువుతారు.

వేసవిలో మధ్యాహ్నం కాగానే ఉరుములు మొదలవుతాయి. గేటు తెరిచే వేళకి అక్కడుండండి, పులిహోర కారులోనే ఉంచి, నీళ్ళ సీసాలు మాత్రం వెంట పట్టుకెళ్ళండి.