ఎండీ గారి జీతం మన జీతానికి ఎన్ని రెట్లు? లెక్క మనమే వేసుకుందాం

పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో పాతికేళ్లు జీతాల సెక్షన్‌లో పనిచేశాను. నెలనెలా నా టేబుల్ మీదికి రెండు కట్టలొచ్చేవి. ఒకటి కంపెనీ రోల్స్‌లో ఉన్నవాళ్లది, రెండోది కాంట్రాక్టర్ పంపే మస్టర్, అంటే కాంట్రాక్ట్ వాళ్ల హాజరు పట్టీ. ఓసారి ప్యాకింగ్‌లో పనిచేసే ఒకావిడ స్లిప్పు పట్టుకొచ్చి, "సారూ, మూడొందలు తక్కువొచ్చినయ్, ఎందుకు?" అంది. చూస్తే, ఒక రోజు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చిందని పూటకూలి కోసేశారు. ఆ ఏడాది యాన్యువల్ రిపోర్ట్‌లో ఎండీ గారి కమిషన్ (జీతం పైన లాభంలో ఇచ్చే వాటా) కోట్లలో ఉంది. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడటం అప్పట్నుంచీ అలవాటైంది.

మీరూ చూడొచ్చు, అరగంట పని. కంపెనీ లిస్టెడ్ అయితే, అంటే దాని షేర్లు స్టాక్ మార్కెట్‌లో కొనుక్కునేలా ఉంటే చాలు. వెబ్‌సైట్‌లో యాన్యువల్ రిపోర్ట్ తెరిచి 'మీడియన్' అనే ఇంగ్లీషు మాట వెతకండి. 2013 కంపెనీల చట్టం 197వ సెక్షన్ ప్రకారం ఒక్కో డైరెక్టర్ జీతం మీడియన్ ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో అందులో చెప్పి తీరాలి. మీడియన్ అంటే సగటు కాదు. జీతాలన్నీ చిన్నదాన్నుంచి పెద్దదాకా వరుసగా పేరిస్తే సరిగ్గా నడిమి మనిషిది.

అక్కడే ఆగిపోకండి. ఆ నడిమి మనిషిని వెతికేటప్పుడు సాధారణంగా పర్మనెంట్ వాళ్లనే లెక్కలోకి తీసుకుంటారు. నా రెండో కట్ట అందులో ఉండదు. పెద్ద కంపెనీ అయితే అదే రిపోర్ట్‌లో బీఆర్‌ఎస్‌ఆర్ అనే భాగం, అంటే ఉద్యోగులు, సమాజం, పర్యావరణం పట్ల కంపెనీ బాధ్యతల నివేదిక ఉంటుంది (మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకి 2022–23 నుంచి తప్పనిసరి). పర్మనెంట్ వర్కర్లు ఎందరు, కానివాళ్లు ఎందరు అన్నది అక్కడ పట్టికలో దొరుకుతుంది. రెండో అంకె పెద్దదైతే, అచ్చేసిన నిష్పత్తిని నేను పెద్దగా నమ్మను.

అప్పుడు సొంత లెక్క వేయండి. ఎండీకి ఏడాదికి 18 కోట్లు, మీడియన్ జీతం 6 లక్షలు అనుకుందాం. అచ్చులో కనిపించేది 300 రెట్లు. గేటు బయట టీకొట్టు దగ్గర కాంట్రాక్ట్ హెల్పర్‌ని అడిగితే నెలకి 14,500 అంటాడు, అంటే ఏడాదికి 1.74 లక్షలు. ఇప్పుడు వెయ్యి రెట్లు దాటింది. నిద్రపోయే గంటలతో సహా లెక్కేసినా, ఏప్రిల్ 1న పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా ఎండీ గారు ఆ హెల్పర్ ఏడాది సంపాదన సంపాదించేసినట్టే. అప్పటికి ఫస్ట్ షిఫ్ట్ వాళ్లు మొదటి టీ కూడా తాగి ఉండరు.

ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పొద్దు. స్టాక్ ఆప్షన్లు (ముందే ఖాయం చేసిన ధరకి కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు) వాడుకున్న ఏడాది అంకె ఉబ్బిపోతుంది, కాబట్టి కనీసం మూడేళ్లవి చూడండి. ప్రమోటరే, అంటే కంపెనీ పెట్టి నడిపించే యజమానే ఎండీ అయితే జీతం తక్కువ చూపించి డివిడెండ్ (షేర్ల మీద పంచే లాభం) రూపంలో తీసుకోవచ్చు. అది ఈ నిష్పత్తికి అందదు.

జీతాల పెంపు శాతాలు కూడా రిపోర్ట్‌లో ఆ మీడియన్ వివరాల దగ్గరే ఉంటాయి. నా మటుకు అసలు నీతి ప్రశ్న వాటిలోనే ఉంది. పెద్ద బాధ్యతకి పెద్ద జీతం వద్దని నేననను. కానీ 2017లో ఇన్ఫోసిస్ సీఓఓ (రోజువారీ కార్యకలాపాలు చూసే పెద్ద అధికారి) జీతం 60–70 శాతం పెంచినప్పుడు, ఎక్కువమంది ఉద్యోగులకి 6–8 శాతమే ఇచ్చి ఇలా చేయడం సరికాదని సంస్థాపకుడు నారాయణమూర్తే అన్నారు. ఆ మాట యూనియన్ నాయకుడి నోట వచ్చుంటే ఎంతమంది వినేవాళ్లో!

చివరిది, అడగడం. ఒక్క షేరు కొన్నా వాటాదారులే. ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) నోటీసులో స్పీకర్‌గా పేరు ఎలా నమోదు చేసుకోవాలో, ఎప్పటిలోగా చేయాలో రాసి ఉంటుంది. చాలాచోట్ల ఇప్పుడు వీడియోలోనే. ఇచ్చేది రెండు మూడు నిమిషాలే, కాబట్టి పొగడ్తలతో మొదలుపెట్టి టైమ్ పోగొట్టుకోకండి. నేనడిగింది ఒకటే: "కాంట్రాక్ట్ వాళ్లని కలిపితే మన నిష్పత్తి ఎంత?" "మార్కెట్ ప్రమాణాల ప్రకారమే ఇస్తున్నాం" అన్నారు. మళ్లీ అడగబోతే మైక్ మ్యూట్. అందుకే ఈ ఏడాది ప్రశ్నని ముందే కంపెనీ సెక్రటరీకి మెయిల్ పెట్టాను.