మందు ఉంది, జబ్బు ఎక్కడ రాసి ఉంది? (మూడో పాఠం)

పోయిన పాఠంలో ఎమ్.ఏ.ఆర్. షీటు (రోగికి ఏ మందు ఎప్పుడు ఇచ్చారో రాసే పట్టిక) చదవడం నేర్చుకున్నాం. ఈసారి దాని పక్కన డయాగ్నోసిస్ లిస్టు పెట్టుకుని కూర్చుందాం.

అమెరికా నర్సింగ్ హోములకు ఫెడరల్ నిబంధన ఒకటుంది. యాంటీసైకోటిక్‌లు (భ్రమలు, భ్రాంతుల వంటి తీవ్ర మానసిక లక్షణాలకు ఇచ్చేవి), యాంటీడిప్రెసెంట్లు (డిప్రెషన్‌కు ఇచ్చేవి), ఆందోళన తగ్గించేవి, నిద్రమాత్రలు, వీటిలో ఏది ఇచ్చినా ఫలానా జబ్బుకని రికార్డులో ఉండాలి.

అభ్యాసం కోసం ఒక కేసు ఊహిద్దాం. ఆవిడకు 82 ఏళ్లు. రాత్రిపూట క్వెటియాపిన్ అనే యాంటీసైకోటిక్ 25 మిల్లీగ్రాములు. కారణం దగ్గర "అజిటేషన్" (అశాంతిగా, ఉద్రేకంగా ఉండటం) అని ఉంది. లిస్టులో డిమెన్షియా (మతిమరుపు జబ్బు), బీపీ, కీళ్లనొప్పులు. సరిపోయిందా? లేదు. అజిటేషన్ లక్షణమే, జబ్బు కాదు. నర్సింగ్ నోట్స్ తిరగేయండి. సాయంత్రం పక్కకు తిప్పేటప్పుడే కేకలు వేస్తోంది, నాలుగు రోజులుగా విరేచనం కాలేదు. ఆవిడ నోటితో చెప్పలేనిది ఆ నోట్స్ చెబుతున్నాయి. ముందు నొప్పి, మలబద్ధకం సంగతి డాక్టరుకు చెప్పాలి. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ రకం మందులతో మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. 2005లోనే లేబుల్ మీద బాక్స్ హెచ్చరిక (గడి కట్టి రాసే తీవ్ర హెచ్చరిక) పెట్టించింది.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. డయాగ్నోసిస్ లేదు కదా అని "స్కిజోఫ్రీనియా" (భ్రమలు, భ్రాంతులు కలిగే తీవ్ర మానసిక జబ్బు) చేర్చేస్తారు. ఆ పని ఎప్పుడూ చేయొద్దు. అది ఎక్కువగా యువ వయసులో మొదలయ్యే జబ్బు. 82 ఏళ్లకు కొత్తగా కనబడితే సైకియాట్రిక్ ఎవాల్యుయేషన్, కనీసం ఆరు నెలల లక్షణాల చరిత్ర ఉన్నాయా అని వెతకండి. రికార్డులో ఆ జబ్బు కోడ్ ఉన్నవాళ్లు నర్సింగ్ హోము యాంటీసైకోటిక్ వాడకం లెక్కలోకి రారు, అందుకే దాన్ని చేర్చాలన్న ఆశ. 2023 జనవరిలో నర్సింగ్ హోములను పర్యవేక్షించే ఫెడరల్ సంస్థ సీ.ఎమ్.ఎస్. ఈ కోడింగ్ మీద ఆడిట్లు ప్రకటించింది కూడా.

దీనికి తిరగబడ్డ కేసూ ఉంటుంది. ఎప్పటినుంచో బైపోలార్ (మూడ్ విపరీతంగా పైకీ కిందికీ మారే జబ్బు) ఉన్న మనిషి, ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఆ మాట కాగితాల్లో జారిపోయింది. మందు సరైనదే. పాత రికార్డులు తెప్పించి డాక్టరు చేతే రాయించాలి. మనంతట మనం జబ్బు రాయకూడదు, మందు ఆపకూడదు.

ఈ వారం మీ యూనిట్‌లో ఒకే ఒక్క చార్టు తీసుకోండి. ప్రతి సైకోట్రోపిక్ మందుకూ (పైన చెప్పిన నాలుగు రకాలూ ఇవే) "ఈ మందు, ఈ జబ్బుకి, ఫలానా డాక్టరు, ఫలానా తేదీ" అని ఒక వాక్యం రాయండి. ఎక్కడ ఖాళీ మిగిలితే అదే డాక్టరును అడగాల్సిన ప్రశ్న. వచ్చే పాఠంలో పీ.ఆర్.ఎన్. (అవసరమైతేనే ఇవ్వమనే) ఆర్డర్లు, వాటి 14 రోజుల గడువు.