బలాల లెక్క తప్పుతోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

చెన్నై పెరంబూరులో మా ఇంటి వరండాలో సాయంత్రం పూట ప్లస్ వన్ (పదకొండో తరగతి) పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో తమిళం మాట్లాడే పిల్లలు. న్యూటన్ సూత్రాలు మూడింటినీ ఏ భాషలో అడిగినా తడుముకోకుండా అప్పజెబుతారు. లెక్క ఇస్తే మాత్రం బోర్లా పడతారు. నోటుపుస్తకాలు దిద్దగా దిద్దగా నాకు తెలిసిందేమిటంటే, ఈ తప్పులు వంద రకాలు కావు, అయిదే. మీ జవాబు కలవకపోతే, కింద చెప్పిన వాటిలో మీది ఏదో చూసుకోండి.

సమస్య: కదిలే దిశలో ఒక బాణం ఎక్కువగా ఉంది

క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్ తగిలిన బిళ్ళ జారుకుంటూ పోతోంది. దాని స్వేచ్ఛా వస్తు పటం, అంటే ఆ ఒక్క వస్తువు మీద పడే బలాలన్నిటినీ బాణాలతో చూపే బొమ్మ, గీయమన్నాను. కిందికి భారం, పైకి అభిలంబ బలం (బోర్డు తన ఉపరితలానికి లంబంగా నెట్టే బలం), వెనక్కి ఘర్షణ. ఇంతవరకు సరే. ముందుకు ఇంకొక బాణం గీసి, పక్కన ‘కొట్టిన బలం’ అని రాశారు. దాంతో త్వరణం తలకిందులైంది.

కారణం సగం మన భాషలోనే ఉంది. తెలుగులో బలం అంటే ఒంట్లో ఉండేది. పిల్లవాడు నీరసంగా ఉంటే బలానికి టానిక్కు పట్టిస్తాం. అదే అలవాటుతో, స్ట్రైకర్ ఇచ్చిన బలాన్ని బిళ్ళ కడుపులో దాచుకుని పోతోందని అనుకుంటాం. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. కదిలే వస్తువును ఏదో ఒకటి నెడుతూనే ఉండాలన్న అరిస్టాటిల్ మాటను లోకం రెండు వేల ఏళ్లకు దగ్గరగా నమ్మింది. గెలీలియో దాన్ని కదిలించాడు, 1687లో వచ్చిన న్యూటన్ ‘ప్రిన్సిపియా’తో అది పూర్తిగా కూలింది. బిళ్ళ దగ్గర ఉన్నది ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది), బలం కాదు.

భౌతికశాస్త్రంలో బలం అప్పు లాంటిది. ఇచ్చేవారు ఒకరు, పుచ్చుకునేవారు ఒకరు లేకుండా పద్దు రాయలేం. అందుకే ప్రతి బాణం పక్కన రెండు పేర్లు రాయిస్తాను: ‘భూమి నుంచి బిళ్ళకు’, ‘బోర్డు నుంచి బిళ్ళకు’. ఈ లెక్కల్లో బలం ఇవ్వగలిగేవి భూమి, ఆ క్షణాన వస్తువును తాకుతున్నవి మాత్రమే. స్ట్రైకర్ ఎప్పుడో విడిపోయింది. ఇచ్చినవారి పేరు దొరకని బాణాన్ని మొహమాటం లేకుండా కొట్టేయండి.

సమస్య: నెట్టిన బీరువా ఎదురు తిరిగి మీదికి వస్తోంది

నాకు బాగా ఇష్టమైన తప్పు ఇది. 50 కిలోల బీరువా, స్థైతిక ఘర్షణ గుణకం (కదలని వస్తువుకూ నేలకూ మధ్య పట్టు ఎంతో చెప్పే అంకె) 0.4. ఒకరు 100 న్యూటన్లతో అడ్డంగా నెట్టారు. త్వరణం ఎంత? పిల్లవాడు చకచకా చేశాడు. భారం 490 న్యూటన్లు, అందులో 0.4 వంతు 196. నూటిలోంచి 196 తీసేస్తే మైనస్ 96. దాన్ని 50తో భాగించి మైనస్ 1.92 అని రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టాడు. “ఈ బీరువా నిన్ను తరుముకుంటూ వస్తోంది, చూసుకున్నావా?” అన్నాను. “మైనస్ వచ్చింది కదా మాస్టారూ, ఘర్షణ ఎక్కువని అర్థం” అన్నాడు.

ఘర్షణ సూత్రాన్ని సమీకరణంగా బట్టీ పట్టడం వల్ల వచ్చే తప్పు ఇది. 196 అన్నది స్థైతిక ఘర్షణకు గరిష్ఠ పరిమితి, ఎల్లవేళలా ఉండే విలువ కాదు. నెట్టకపోతే ఘర్షణ సున్నా. 40తో నెడితే 40, 100తో నెడితే 100. మన నెట్టుడు 196 దాటాకే బీరువా జారుతుంది. అప్పుడు గతిక ఘర్షణ గుణకం (జారుతున్నప్పటిది) వాడాలి, అది సాధారణంగా తక్కువ ఉంటుంది. కనుక ముందు పరిమితి కట్టండి, తర్వాత నెట్టే బలంతో పోల్చండి, ఆ తర్వాతే త్వరణం జోలికి వెళ్లండి. ఇక్కడ జవాబు సున్నా.

నమ్మకం కుదరని పిల్లలకు మహాబలిపురం గుర్తు చేస్తాను. అక్కడి ‘కృష్ణుడి వెన్నముద్ద’ను చూడని చెన్నై పిల్లలు తక్కువ. దాదాపు 250 టన్నులు ఉంటుందని అంచనా వేసే గుండు, ఏటవాలు బండ మీద కూర్చుని ఉంటుంది. 1908లో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ లాలీ దాన్ని ఏనుగులతో లాగించి, కదలక వదిలేశాడని చెబుతారు. భారంలో వాలు వెంబడి కిందికి లాగే భాగం ఎంతో, ఆ గుండు మీద ఘర్షణ సరిగ్గా అంతే. ఘర్షణ ఎప్పుడూ గరిష్ఠంగానే ఉండేటట్లయితే, వెన్నముద్ద ఎవరూ తోయకుండానే వాలు ఎక్కి పైకి వెళ్లిపోవాలి! జారకపోవడం వరకే ఈ లెక్క. అది దొర్లకుండా ఎలా నిలిచిందో తేల్చడానికి బల భ్రామకాలు (బలం వస్తువును ఎంతగా తిప్పుతుందో చెప్పే లెక్కలు) కావాలి, ఆ పాఠం వేరే.

సమస్య: అభిలంబ బలం ఎప్పుడు చూసినా భారానికి సమానం

మొదటి ఉదాహరణ బల్ల మీది పుస్తకం కావడంతో ఈ అలవాటు పడుతుంది. పినాకిని రైలు దిగి, చెన్నై సెంట్రల్ ప్లాట్‌ఫారం మీద చక్రాలు లేని 20 కిలోల సంచిని పట్టీతో లాగుతున్నారనుకోండి. లాగేది 60 న్యూటన్లతో, నేలకు 30 డిగ్రీల కోణంలో. అందులో 30 న్యూటన్లు సంచిని పైకి ఎత్తుతున్నాయి. భారం 196 కాబట్టి నేల మోసేది 166 మాత్రమే. అదే కోణంలో కిందికి వంచి తోస్తే 226. లాగడం కంటే తోయడం ఎందుకు కష్టమో మన భుజానికి ముందే తెలుసు.

లిఫ్టులోనూ అంతే. 60 కిలోల మనిషి బరువు తూచే యంత్రం మీద నిలబడ్డాడు. లిఫ్టు పైకి సెకను వర్గానికి 1 మీటరు త్వరణంతో బయలుదేరితే, 588 ఉండాల్సింది 648 న్యూటన్లు అవుతుంది. యంత్రం 66 కిలోలు చూపిస్తుంది. నిలకడ వేగం అందుకోగానే మళ్లీ 60. అభిలంబ బలానికి సొంత సూత్రం లేదు. ఉపరితలానికి లంబంగా ఉన్న బలాలన్నీ రాసి, ఆ దిశలో త్వరణం ఎంతో పెట్టి, ప్రతిసారీ కట్టుకోవాల్సిందే.

సమస్య: చర్య, ప్రతిచర్య కొట్టుకుపోయి ఏదీ కదలడం లేదు

వానాకాలంలో వేళచ్చేరిలో ఆగిపోయిన ఆటోను తోయడం మనకు కొత్త కాదు. “మనం ఎంత తోస్తే ఆటో అంతే తిరిగి తోస్తుంది కదా మాస్టారూ, మరి ఎలా కదిలింది?” మంచి ప్రశ్న. ఒకటి ఆటో ఖాతాలో పడే బలం, రెండోది మనిషి ఖాతాలో పడేది. మీ జమను పక్కింటివారి ఖర్చులోంచి తీసేయరు కదా! ఆటో కదలాలంటే మనిషి తోపు, ఆటోను ఆపే బలాలకంటే ఎక్కువైతే చాలు. మనిషిని ముందుకు నెట్టేది అతని కాళ్ల కింది రోడ్డు. బురదలో కాలు జారిందంటే రోడ్డు నెట్టడం లేదన్నమాట.

జతను పట్టుకోవాలంటే మళ్లీ ఆ రెండు పేర్లే ఆధారం. పేర్లు తారుమారు చేయండి. బల్ల మీది పుస్తకాన్నే తీసుకోండి. ‘భూమి నుంచి పుస్తకానికి’ అన్నదానికి జత ‘పుస్తకం నుంచి భూమికి’. బల్ల పేరే రాలేదు, చూశారా? అభిలంబ బలాన్ని కొన్ని పుస్తకాలు ‘అభిలంబ ప్రతిచర్య’ అంటాయి. నన్నడిగితే ఆ పేరే సగం మందిని చెడగొట్టింది. అది భారానికి ప్రతిచర్య కాదు.

సమస్య: జవాబు సుమారు పది రెట్లు తేడా

కిరాణా కొట్లో బరువు కిలోల్లో అడుగుతాం, లెక్కలో మాత్రం భారం న్యూటన్లలో ఉండాలి. ‘20 కిలోల బలం’ అని ఎక్కడైనా రాశారేమో వెతకండి. అక్కడ 9.8తో గుణించడం మరిచిపోయి ఉంటారు.