ఫైబర్ బోటుకు చిల్లు పడితే ఊడిపోని అతుకు వేయడం ఎలా?

ఫైబర్ బోటు అడుగున వేసిన అతుకు విరగడం అరుదు, ఊడిపోవడమే ఎక్కువ. ఊడొచ్చిన ముక్కను తిరగేసి చూస్తే కింది వైపు నున్నగా మెరుస్తుంటుంది. అంటే అది పాత గోడకు అసలు అంటుకోనే లేదు. చాలామంది రెజిన్‌ను, అంటే గాజు పోగులను పట్టి ఉంచే జిగురు ద్రవాన్ని, తప్పుపడతారు కానీ, పది సార్లలో ఎక్కువ సార్లు లోపం అతుకుకు ముందు గోడను గీకే గ్రైండింగ్‌లోనే ఉంటుంది.

కొత్త బోటు అచ్చులో తయారయ్యేటప్పుడు ఒక పొర పచ్చిగా ఉండగానే దాని మీద మరో పొర పడుతుంది. అందువల్ల పాలియెస్టర్ రెజిన్ పొరల మధ్య రసాయనికంగా ముడిపడి ఒకే ముద్దగా గట్టిపడుతుంది. ఏళ్ల కిందట గట్టిపడిన బోటు మీద ఆ ముడి దాదాపు పడదు. గీకిన గరుకులోకి కొత్త రెజిన్ దిగి పట్టుకోవాలి, అంతే. కాబట్టి అతుకు ఎంత మందంగా ఉందన్నదానికంటే ఎంత మేర పట్టుకుందన్నది ముఖ్యం.

ఇక్కడ చెప్పేది కాకినాడ నుంచి నిజాంపట్నం దాకా తీరంలో ఇసుక మీదికి లాగే చిన్న ఫైబర్ బోట్ల గురించి, అంటే మధ్యలో ఫోమ్ గానీ చెక్క గానీ లేని ఒంటి గోడ గురించి. లెక్కలకు 6 మి.మీ. మందం గోడ, 10 సెం.మీ. వెడల్పు చిల్లు తీసుకుందాం.

దెబ్బ ఎంత దూరం పోయింది?

కంటికి కనిపించే చిల్లు కంటే దెబ్బ ఎప్పుడూ పెద్దదే. రూపాయి బిళ్లతో చుట్టూ తట్టుకుంటూ పోండి. గట్టి చోట టంగుమని మోగుతుంది. పొరలు విడిపోయిన చోట మొద్దుగా, బోలుగా వినిపిస్తుంది. ఆ హద్దును మార్కర్‌తో గీసి, లోపలున్నదంతా కోసి తీసేయండి. తెల్లగా చిట్లిన గాజు పోగులు కనిపిస్తున్నంత వరకూ ఇంకా గట్టి చోటికి చేరనట్టే.

తర్వాత మంచినీళ్లతో ఉప్పు కడిగి నీడన ఆరబెట్టండి. ఆరిందో లేదో తేల్చుకోవడానికి పాలిథిన్ ముక్కను చుట్టూ టేపుతో అంటించి రాత్రంతా వదిలేయండి. తెల్లారి దాని కింద తేమ కనిపిస్తే ఇంకా ఆగాలి. తడి మీద వేసిన పాలియెస్టర్ సరిగా గట్టిపడదు, పట్టుకోదు. వానాకాలంలో గాలిలో తేమ 85 శాతం దాటిన రోజు ఈ పని పెట్టుకోకపోవడమే మేలు.

వాలు గీకడం

గ్రైండర్ పట్టుకునే ముందే ఎసిటోన్‌తో తుడవండి. లోపలి వైపు డీజిల్, ఇంజనాయిల్ ఉంటే ముందు సబ్బు నీళ్లతో కడగాలి. గీకాక తుడిస్తే ఉన్న జిడ్డంతా కొత్త గరుకులోకి దిగుతుంది. వరస తిరగబడటం వల్లే చాలా అతుకులు చెడతాయి.

36 లేదా 40 నంబరు గరుకు డిస్క్‌తో బయటి వైపు నుంచి వాలు తీయండి, అంటే గోడ చిల్లు అంచు దగ్గరికి వచ్చేసరికి పలచబడాలి. మందానికి 12 రెట్ల దూరం కావాలి. 6 మి.మీ. గోడకు చిల్లు అంచు నుంచి చుట్టూ 72 మి.మీ. అంటే 10 సెం.మీ. చిల్లుకు సుమారు 24 సెం.మీ. వెడల్పు గుంట తయారవుతుంది. చూస్తే బోటును అనవసరంగా పాడుచేస్తున్నట్టే అనిపిస్తుంది, అయినా తగ్గించకండి. వాలు బయటి వైపు ఉంటే నీటి ఒత్తిడి అతుకును లోపలికి నొక్కి కూర్చోబెడుతుంది, బయటికి తోయదు. గీకిన చోట మెరుపు ఒక్క చుక్క కూడా మిగలకూడదు. దుమ్మును పొడి బ్రష్‌తో దులపండి. కంప్రెసర్ గాలిలో నూనె ఉంటుంది కనుక అది వద్దు. గీకిన రోజే అతుకు వేయండి.

గాజు దుమ్ముకు డస్ట్ మాస్క్, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. రెజిన్ ఆవిరికి ఆ మాస్క్ పనికిరాదు, బొగ్గు ఫిల్టర్ ఉన్నది వాడాలి.

సరుకు, కొలతలు

నీటి మట్టం కింద వేసే అతుకుకు మామూలు జీపీ (జనరల్ పర్పస్) పాలియెస్టర్ రెజిన్ కంటే ఐసో (ఐసోఫ్తాలిక్) పాలియెస్టర్ రెజిన్ నీటికి బాగా ఆగుతుంది. వినైల్ ఎస్టర్ అనే మరో రకం రెజిన్ దొరికితే ఇంకా మంచిది, పట్టు కూడా ఎక్కువ. ఎపాక్సీ రెజిన్ అన్నింటికంటే గట్టిగా పట్టుకుంటుంది గానీ, మామూలు మ్యాట్‌లో (అడ్డదిడ్డంగా పరచిన గాజు పోగుల చాప) పోగులను పట్టి ఉంచే జిగురు, పాలియెస్టర్, వినైల్ ఎస్టర్ రెజిన్లలో ఉండే స్టైరీన్ అనే ద్రావణిలోనే కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు కనుక మ్యాట్ సరిగా నానదు. పైగా ఎపాక్సీ మీద పాలియెస్టర్ జెల్‌కోట్ (బోటు పైన రంగుతో ఉండే నున్నటి పొర) సరిగా గట్టిపడదు. కాబట్టి ఎపాక్సీ వాడితే రోవింగ్‌తోనే (నేసిన గాజు బట్ట), పైన పెయింట్‌తోనే ముగించాలి.

చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ ఒక పొర తడిసి గట్టిపడ్డాక సుమారు 1.1 మి.మీ. ఉంటుంది. 600 గ్రాముల రోవింగ్ 0.7 మి.మీ. నాలుగు మ్యాట్లు, రెండు రోవింగులు కలిపితే దాదాపు 6 మి.మీ. వస్తుంది. వరస ఇలా: మ్యాట్, రోవింగ్, మ్యాట్, రోవింగ్, మ్యాట్, మ్యాట్. పాత గోడకు తగిలే మొదటి పొర ఎప్పుడూ మ్యాటే. అది రెజిన్‌ను ఎక్కువ పట్టి ఉంచి గరుకులోకి దింపుతుంది. బలం తెచ్చేది రోవింగే అయినా, నేరుగా గోడ మీద వేస్తే నేత బొడిపెల మధ్య ఖాళీలు మిగులుతాయి.

మ్యాట్ బరువుకు రెండున్నర రెట్లు, రోవింగ్ బరువుకు సమానంగా రెజిన్ పడుతుంది. మన గుంటకు గాజు సుమారు 75 గ్రాములు, రెజిన్ 140 గ్రాములు. బ్రష్‌కు, గిన్నెకు పోయేది కలుపుకుని 200 గ్రాములు లెక్క వేసుకోండి. బలం గాజుది, రెజిన్ పని దాన్ని పట్టి ఉంచడమే. ఎక్కువ పోస్తే అతుకు మందమవుతుంది గానీ పెళుసవుతుంది. తక్కువైతే పొడి గాజు మిగిలి నీళ్లు తాగుతుంది.

కలపడం

రెజిన్‌ను గట్టిపరిచే హార్డనర్ రెజిన్ బరువులో 1 నుంచి 2 శాతం. 200 గ్రాములకు 1.5 శాతం చొప్పున 3 గ్రాములు. అంచనాతో పోయకండి, గ్రాముల త్రాసు మీద తూచండి. ఎండాకాలంలో గబగబా గట్టిపడుతోందని 1 శాతం కంటే కిందికి దిగితే పైకి గట్టిగానే కనిపించినా లోపల పచ్చిగా ఉండిపోతుంది. దానికి మందు తెల్లవారుజామున పని చేయడం, బోటు మీద టార్పాలిన్ కట్టడం. ఎండలో కాగిన గోడ మీద రెజిన్ తడిపేలోపే జెల్లీలా గడ్డకడుతుంది.

గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్ ముందే కలిపిన రెజిన్ తెచ్చుకోవడమే క్షేమం. విడిగా కొంటే ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డనర్ వేయాలి. కోబాల్ట్, హార్డనర్ ఈ రెండూ నేరుగా కలిస్తే మంట లేచి పేలుతుంది. రెండింటికీ ఒకే గరిటె, ఒకే కొలత గ్లాసు కూడా వాడకూడదు. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడుగుతూనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. దగ్గర్లో బీడీ, పొయ్యి ఉండకూడదు.

ఒకేసారి 100 గ్రాములకు మించి కలపకండి. గిన్నెలో మిగిలిన రెజిన్ తన వేడికి తానే పొగలు కక్కుతుంది. మిగిలినదాన్ని ఇసుక మీద పలచగా పరిచేయండి.

పొరలు వేయడం

లోపలి వైపు చిల్లుకు అడ్డంగా ప్లైవుడ్ ముక్కను పాలియెస్టర్ ఫిల్మ్ చుట్టి బిగించండి. మ్యాట్ ముక్కలను కత్తిరించకుండా చేత్తో చింపుకుంటే అంచులు పలచబడి గోడలో కలిసిపోతాయి.

మొదట పెద్ద ముక్కా, చిన్న ముక్కా అన్నదానిపై పనివాళ్లలో రెండు మాటలున్నాయి. మా ఓటు పెద్దదానికే. వాలు మొత్తాన్ని ఒకే అఖండమైన పొర పట్టుకుంటుంది. పైన ఎమరీ కొట్టి చదును చేసేటప్పుడు ఆ పొర తెగదు. చిన్నవి ముందు వేస్తే వాలును పట్టుకునేది ముక్కల అంచులే.

ముందు గుంటంతా రెజిన్ పూయండి, తర్వాత మ్యాట్ పరిచి బ్రష్‌తో పొడిచినట్టు నొక్కండి. బ్రష్‌ను లాగితే పోగులు జరుగుతాయి. మ్యాట్ తెలుపు పోయి కింది గోడ కనిపించాక, గాట్లున్న ఇనుప రోలర్‌తో మధ్య నుంచి అంచుకు తోయండి. తెల్ల చుక్క కనిపిస్తే గాలి బుడగ ఉన్నట్టే. అది అక్కడే గట్టిపడితే తర్వాత నీళ్లు చేరేది ఆ బుడగలోకే. గోడ నిలువుగా ఉంటే పొరలు జారుతుంటాయి కనుక వీలైతే బోటును తిరగేయండి.

ఆరూ ఒకేసారి వేయకండి. మూడు పొరలు వేసి, అవి గట్టిపడి చల్లారాక మిగతా మూడు వేయండి. మందం ఒక్కసారే పెరిగితే వేడికి అతుకు వంకర పోతుంది, పగుళ్లు వస్తాయి. గాలి తగిలే పాలియెస్టర్ పైభాగం కొంచెం జిగటగానే ఉండిపోతుంది. 24 గంటల్లోపైతే ఆ జిగటే తర్వాతి పొరను పట్టుకుంటుంది. అంతకు మించి ఆలస్యమైతే మళ్లీ గీకాల్సిందే.

మర్నాడు లోపలి ప్లైవుడ్ తీసి, అక్కడా గరుకు చేసి, చిల్లు అంచు దాటి 10 సెం.మీ. వచ్చేలా రెండు మ్యాట్లు వేయండి. బయట చదును చేసి అర మిల్లీమీటరు మందం జెల్‌కోట్ పూయండి. దానిలో మైనం ద్రావణం కలపాలి, లేదా పైన ఫిల్మ్ పరచాలి. లేకపోతే పైభాగం జిగటగానే ఉండి ఇసుకంతా అంటుకుంటుంది.

నీళ్లలోకి దింపే ముందు

ఎసిటోన్‌లో ముంచిన దూదితో లోపలి పొరల మీద ఒకచోట గట్టిగా రుద్దండి. పైపై జిగట తుడుచుకుపోయాక కూడా వేలికి జిగట తగిలితే పచ్చిదనం పోలేదు. స్టైరీన్ వాసన ఘాటుగా ఉన్నా అంతే. మళ్లీ రూపాయి బిళ్లతో తట్టండి. అతుకు మధ్యలోనూ, పాత గోడ కలిసే వాలు పొడవునా ఒకేలా మోగాలి. ఎక్కడైనా బోలుగా వినిపిస్తే పైన పుట్టీ పెట్టి కప్పకండి. అంతవరకు గీకి, వాలు తీసి, మళ్లీ పొరలు వేయండి. అన్నీ బాగున్నా వారం ఆగి దింపితే మంచిది. వేట పోతుందని తొందరైనా మూడు రోజుల కంటే ముందు అలల్లోకి నెట్టకండి.