సర్కారు మానసిక వైద్యం మీద రీసెర్చ్‌కి డబ్బు తెచ్చుకోవడం ఎలా

బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన మొదటి జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 12 రాష్ట్రాలున్నాయి. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. పక్కనున్న తమిళనాడు ఉంది, ఛత్తీస్‌గఢ్ ఉంది, మనం లేం. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక జబ్బు ఉందని, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని ఆ సర్వే తేల్చింది. మన జిల్లాల గురించి ఎక్కడ ఏం రాయాల్సి వచ్చినా ఈ అంకెల్నే అరువు తెచ్చుకుంటూ వచ్చాం.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో, అదే డీఎంహెచ్‌పీలో పనిచేసే డాక్టర్లు, సోషల్ వర్కర్లు, మెడికల్ కాలేజీల్లో సైకియాట్రీ, కమ్యూనిటీ మెడిసిన్ వాళ్లు, పీజీలు, ఊళ్లలో తిరిగే స్వచ్ఛంద సంస్థల వాళ్లు, వీళ్లలో మీరు ఎవరైనా సరే, రీసెర్చ్‌కి డబ్బు అడగాలనుకుంటే ఏది ముందు ఏది వెనక అన్నది చెప్తాను. ఇదంతా పెద్ద ఇన్‌స్టిట్యూట్ల వాళ్ల పని అని చాలామంది వదిలేస్తారు, అలా వదిలేయకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు ప్రశ్న, తర్వాతే ఫండర్

ఎక్కువమంది ఫండింగ్ ప్రకటన చూశాక దానికి తగ్గ టాపిక్ వెతుక్కుంటారు. అప్పుడు తోచేది ఎప్పుడూ ఒకటే, "ఫలానా జిల్లాలో డిప్రెషన్ ఎంతమందికి ఉంది" అనే సర్వే. అలాంటి ప్రపోజల్ రాయొద్దని గట్టిగా చెప్తాను. జబ్బు ఎంతమందికి ఉందో తెలిసినంత మాత్రాన సర్కారు ఆసుపత్రిలో ఏదీ మారదు. వైద్యం ఎక్కడ తెగిపోతోంది, దాన్ని ఎలా అతికించాలి అన్నది అడగండి.

అది తెలియాలంటే ఒక ఉదయం జిల్లా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీలో కూర్చోండి. పేషెంట్ చేతిలో మడతలు పడి చిరగబోతున్న ఓపీ చీటీ ఉంటుంది కదా, దాని వెనక పక్క తేదీలు చూడండి. జనవరి, ఫిబ్రవరి, మార్చి వరసగా ఉంటాయి, తర్వాత ఒక్కసారిగా ఆగస్టు. మధ్యలో ఏమైందని వెంట వచ్చినామెను అడగండి. పొద్దున మొదటి బస్సు పట్టుకుని వస్తే ఫార్మసీ కిటికీ దగ్గర ఒక మందు ఇచ్చి రెండోది బయట కొనుక్కోమన్నారని ఒకరు చెప్తారు. కోతల రోజుల్లో కూలి పోగొట్టుకుని ఇద్దరు మనుషులు రాలేమని ఇంకొకరు చెప్తారు. తగ్గిపోయింది కదా అని ఆపేశామని మరొకరు. అప్పుడు వెళ్లి రిజిస్టర్ తీసి, ఆరు నెలల కింద మందు మొదలుపెట్టిన వాళ్లలో ఎంతమంది మళ్లీ వచ్చారో చేత్తో లెక్కపెట్టండి. మీ ప్రపోజల్ మొదటి పేజీ అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న ఇలా తయారవ్వాలి: "సైకోసిస్‌కి (వాస్తవంతో సంబంధం తెగిపోయే తీవ్ర మానసిక జబ్బుకి) మందు మొదలుపెట్టిన వాళ్లు, నెలనెలా మందు తమ పీహెచ్‌సీలోనే (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే) ఇచ్చి, రానివాళ్లింటికి ఆశా కార్యకర్త వెళ్తే, జిల్లా ఆసుపత్రికే రావాల్సిన వాళ్లకంటే ఎక్కువమంది ఆరో నెలకి మందు మీద నిలబడతారా? ఒక్కో మనిషికి దానికయ్యే ఖర్చెంత?" ఆ చివరి వాక్యం వదిలేయకండి, ఎందుకో తర్వాత చెప్తాను.

ఇలాంటి ప్రశ్నల నుంచే ఈ దేశంలో కార్యక్రమాలు పుట్టాయి. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో వచ్చినా, జిల్లా స్థాయిలో అది ఎలా నడుస్తుందో నిమ్హాన్స్ బళ్లారి జిల్లాలో 1985 నుంచి 1990 దాకా చేసి చూపించింది, పీహెచ్‌సీ డాక్టర్లకీ సిబ్బందికీ ట్రైనింగ్ ఇచ్చి. ఆ నమూనా మీదే 1996లో డీఎంహెచ్‌పీ మొదలైంది, తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి.

దగ్గరి ఉదాహరణ పశ్చిమ గోదావరి

జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధనా సంస్థ వాళ్లు పశ్చిమ గోదావరిలో స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే ప్రాజెక్టు చేశారు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి ఇంటింటికీ వెళ్లి డిప్రెషన్, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగించారు. అవసరమనుకున్న వాళ్లని పీహెచ్‌సీ డాక్టర్ దగ్గరికి పంపారు, ఆ డాక్టర్‌కీ ఏ లక్షణానికి ఏం చేయాలో ట్యాబ్‌లోనే సలహా వచ్చేది. మొదట 30 గిరిజన గ్రామాల్లో చేశారు. స్క్రీనింగ్‌లో తేలిన వాళ్లలో మానసిక వైద్యం వాడుకున్నవాళ్లు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. ఈ తొలి దశకి డబ్బు వెల్‌కమ్ ట్రస్ట్, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కలిసి పెట్టిన ఇండియా అలయన్స్ ఫెలోషిప్ నుంచీ, గ్రాండ్ చాలెంజెస్ కెనడా నుంచీ వచ్చింది. ఆ ఫలితం చేతిలో ఉంది కాబట్టే తర్వాత ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధనా మండలి డబ్బుతో పశ్చిమ గోదావరి, హర్యానాలోని ఫరీదాబాద్, పల్వల్ కలిపి 44 పీహెచ్‌సీల్లో పెద్ద ట్రయల్ చేయగలిగారు.

ఇందులో పట్టుకోవాల్సింది ఆ వరస. ముందు చిన్న డబ్బుతో ఈ పని మన సిబ్బందితో అసలు జరుగుతుందా అని చూపించడం, ఆ తర్వాతే పెద్ద మొత్తం అడగడం. నేరుగా కోట్లతో మొదలుపెడతామంటే ఏ రివ్యూయర్ అయినా "మీ జిల్లాలో ఆశాలు ఈ పని చేస్తారన్న నమ్మకం ఏంటి" అనే అడుగుతారు, అది న్యాయమైన ప్రశ్నే.

ఎవరిని అడగాలి

పీజీ అయితే మీ థీసిసే మొదటి మెట్టు, దానికి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధనా మండలి) ఆర్థిక సాయం పథకం ఉంది. ఎంబీబీఎస్ పిల్లలకి రెండు నెలల స్టూడెంట్‌షిప్ ఉంది. రిజిస్టర్ తిరగేసి ఎంతమంది, ఎప్పుడు, ఎందుకు మానేశారో తేల్చడానికి రెండు నెలలు సరిపోతాయి.

ఆ పైన ఐసీఎంఆర్ బయటి సంస్థలకిచ్చే గ్రాంట్లు. ఈ మధ్య పిలుపుల్లో చిన్న గ్రాంటు 2 కోట్ల దాకా, మధ్య స్థాయి గ్రాంటు 8 కోట్ల దాకా ఉంటోంది, వాళ్ల ఈ-పీఎంఎస్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. ప్రధాన పరిశోధకులకి రెగ్యులర్ ఉద్యోగం ఉండాలి కాబట్టి, కాంట్రాక్టులో ఉన్న డీఎంహెచ్‌పీ వాళ్లు మెడికల్ కాలేజీలో ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని కలుపుకోవడం మేలు. స్వచ్ఛంద సంస్థ అయితే డీఎస్‌ఐఆర్ (కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన శాఖ) గుర్తింపు అడుగుతారు. కుటుంబాలు, కూలి, కులం, సంరక్షకుల మీద పడే భారం లాంటి కోణంలో మీ ప్రశ్న ఉంటే ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి) చూడండి, డాక్టర్లు అటువైపు వెళ్లరు కానీ సోషల్ వర్క్, సోషియాలజీ వాళ్లకి అది సరైన చోటు. పశ్చిమ గోదావరి పనికి ఫెలోషిప్ ఇచ్చిన ఇండియా అలయన్స్‌నీ అడగొచ్చు, వాళ్ల ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది.

టాటా ట్రస్ట్స్ విదర్భ ఊళ్లలో విశ్రామ్ అనే మానసిక ఆరోగ్య కార్యక్రమానికీ, నాగపూర్ ప్రాంతీయ మానసిక ఆసుపత్రి బాగుచేయడానికీ డబ్బు పెట్టింది, అంటే సర్కారుతో కలిసి చేసే పనికి దాతలు దొరుకుతారు. ఇక సీఎస్‌ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాల్సిన కంపెనీలు మన దగ్గర తక్కువేం లేవు, ఏడో షెడ్యూల్లో ఆరోగ్యం ఉంది. కానీ సీఎస్‌ఆర్ వాళ్లకి "రీసెర్చ్" అంటే ఆసక్తి ఉండదు, ఎంతమందికి మేలు జరిగిందని అడుగుతారు. కాబట్టి సేవకి, అంటే ఆశాల ట్రైనింగుకీ, మందులు ఊరికి చేర్చడానికీ వాళ్లని అడగండి. ఫలితం కొలిచే పనికి వేరే గ్రాంటు పెట్టుకోండి. తీసుకునే సంస్థకి సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

విదేశీ డబ్బయితే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం చూసుకోవాలి. 2020 సవరణ తర్వాత ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, వచ్చిన డబ్బు ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు. "మేం తెస్తాం, మీరు ఊళ్లో చేయండి" అని ఎవరైనా అంటే అక్కడే ఆగి ఈ చివరి నియమం గుర్తుచేసుకోండి. విదేశీ సంస్థతో కలిసి చేసే ఆరోగ్య పరిశోధనకి ఐసీఎంఆర్ ద్వారా ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాలి, దానికి పట్టే టైమ్ ముందే లెక్కేసుకోండి.

ఉత్తరాలు, అనుమతులు

మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఒక డైరెక్టర్ కింద, పీహెచ్‌సీలు ఇంకో డైరెక్టర్ కింద, ఏరియా ఆసుపత్రులు మరొకరి కింద ఉంటాయి. పేషెంట్ ఈ మూడింటి మధ్యా తిరుగుతాడు కాబట్టి మీ స్టడీ కూడా మూడింటినీ తాకుతుంది. ఒక్కరి ఉత్తరంతో వెళ్తే పీహెచ్‌సీ గుమ్మం దగ్గర ఆగిపోతారు. డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) గారి ఉత్తరంలో "సహకరిస్తాం" అన్న ఒక్క మాట చాలదు. ఏ పీహెచ్‌సీలు, ఏ రిజిస్టర్లు చూడొచ్చు, ఆశాలు వారంలో ఎంతసేపు ఈ పని చేస్తారు అన్నది రాయించుకోండి, డ్రాఫ్ట్ మీరే రాసి పట్టుకెళ్లండి.

ఎథిక్స్ కమిటీ అనుమతి ఎలాగూ కావాలి, కొత్త చికిత్సా పద్ధతి పరీక్షిస్తుంటే మొదటి మనిషిని చేర్చుకునే ముందే సీటీఆర్‌ఐ అనే జాతీయ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. వీటికి తోడు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 99వ సెక్షన్ తప్పకుండా చదవండి. జబ్బు వల్ల సమ్మతి చెప్పలేని స్థితిలో ఉన్నవారిని చికిత్సకి సంబంధించిన పరిశోధనలో చేర్చాలంటే ఇంట్లోవాళ్ల సంతకం ఒక్కటే చాలదు, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ అనుమతి ఉండాలి. "అటెండర్ సంతకం తీసుకుంటాం" అని రాసేసిన ప్రపోజల్ చూస్తే నాకు బాధ కలుగుతుంది. కాగితాలు సరిపోవడం ఒక్కటే ఇక్కడ విషయం కాదు, ఎదుటి మనిషి తన గురించి తాను చెప్పుకునే హక్కు అది.

ఇంకోటి. డిప్రెషన్ కొలవడానికి వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండనిపించడం గురించి. సాయంత్రం ఐదింటికి, చివరి బస్సు వెళ్లిపోయాక, ఒక ఊళ్లో ఒక పిల్ల "దాదాపు రోజూ అనిపిస్తుంది" అంటే మీ ఫీల్డ్ మనిషి ఏం చేయాలి? ఎవరికి ఫోన్ చేయాలి, ఆ రాత్రి ఆమె పక్కన ఎవరుండాలి, ఇంట్లో పురుగుమందు ఉంటే ఎవరు తీసి దాచాలి, బండి ఎక్కడి నుంచి రావాలి, ఇవన్నీ ప్రపోజల్లో రాయండి, డబ్బు కూడా కేటాయించండి. 2022 అక్టోబరులో మొదలైన సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఇవ్వడం మంచిదే, కానీ ఆ నంబర్ ఇచ్చేసి వచ్చేస్తే మీ బాధ్యత తీరదు.

బడ్జెట్

పాల్గొనేవాళ్లకీ, వెంట వచ్చేవాళ్లకీ బస్సు చార్జీలు, పోయిన రోజు కూలి మొదట రాయండి. ఆశాలకి గౌరవ వేతనం తప్పనిసరి, ఇప్పటికే మోయలేనంత పని మోస్తున్నవాళ్ల చేత ఊరికే చేయించుకోవద్దు. ప్రశ్నావళిని ఆ ప్రాంతం వాళ్ల మాటలో సరిచూసుకోవడానికి, గోండి, కోయ, సవర మాట్లాడే చోట్ల అనువాదకులకి విడిగా డబ్బు కావాలి. జబ్బుతో బతికినవాళ్లనీ వాళ్ల కుటుంబాలనీ సలహా బృందంలో కూర్చోబెట్టి ఆ రోజుకి డబ్బివ్వండి, భోజనం పెట్టి పంపేస్తే కాదు. ల్యాప్‌టాప్‌లూ ట్యాబ్‌లూ మాత్రం తగ్గించుకోండి.

అసలు టెన్షన్ విడతల దగ్గర వస్తుంది. రెండో విడత రావాలంటే ఖర్చుల లెక్క, కేంద్ర ఆర్థిక నియమాల (జీఎఫ్‌ఆర్) 12-ఎ ఫారంలో వినియోగ ధ్రువపత్రం వెళ్లాలి, ఆ కాగితం అకౌంట్స్ సెక్షన్‌లో ఆగితే మీ సిబ్బందికి జీతాలు ఆగుతాయి. నాకు తెలిసిన ఒక ప్రాజెక్టులో సరిగ్గా ఇలాగే ట్రైనింగ్ అయిన సోషల్ వర్కర్లు వేరే ఉద్యోగాలకి వెళ్లిపోయారు, సగంలో ఉన్న పేషెంట్లకి ఫోన్ చేసేవాళ్లు లేకుండా పోయారు. ఏడాది ముగియడానికి ముందే లెక్కలు సిద్ధం చేయండి, అకౌంట్స్ వాళ్లని మొదటి వారంలోనే కలిసి ఏ హెడ్ కింద ఏది వస్తుందో కూర్చుని మాట్లాడుకోండి. ఖాతాలో పడిన వడ్డీ కూడా ఫండర్‌దే.

ఇక ఒక్కో మనిషికి ఖర్చెంత అని అడగమన్నాను కదా. ప్రాజెక్టు అయిపోయాక ఆ పని నడవాలంటే జాతీయ ఆరోగ్య మిషన్ కార్యక్రమాల అమలు ప్రణాళికలో, అందరూ పిప్ అంటారే, అందులో ఒక లైన్‌గా చేరాలి. ఈ మధ్య అది రెండేళ్లకి కలిపి తయారవుతూ వచ్చింది, 2022-24, 2024-26 అలాగే వచ్చాయి. జిల్లాల నుంచి ప్రతిపాదనలు ఆర్థిక సంవత్సరానికి కొన్ని నెలల ముందే వెళ్లిపోతాయి. మీ ఫలితం అందంగా జర్నల్‌లో అచ్చయి, ఈ గడువు తర్వాత చేరితే మళ్లీ తర్వాతి ప్రణాళిక దాకా ఆగాలి. అందుకే ప్రపోజల్ పంపే ముందే డీఎంహెచ్‌పీ ప్రోగ్రాం ఆఫీసర్‌తో కూర్చుని, ఈ పని ఫలిస్తే ఏ హెడ్‌లో పెట్టగలరు, మనిషికి ఎంత లోపు ఉంటే పెట్టగలరు అని అడిగి, ఆ అంకెని దృష్టిలో పెట్టుకునే పద్ధతి తయారుచేయండి. మధ్యంతర లెక్కలు రెండు పేజీల్లో తెలుగులోనే రాసి ఆయనకీ, పీహెచ్‌సీ డాక్టర్లకీ, ఆశాలకీ ఇవ్వండి.

మొదటిసారి తిరస్కరిస్తారు, ఎక్కువగా అలాగే జరుగుతుంది. రివ్యూయర్ల వ్యాఖ్యలు అడిగి తెప్పించుకోండి, ఒక్కో వ్యాఖ్యకీ పక్కన మీ జవాబు రాసుకోండి, శాంపిల్ సైజ్ గురించి అన్నారంటే స్టాటిస్టీషియన్‌ని కలవండి, సాధ్యం కాదన్నారంటే రెండు పీహెచ్‌సీల్లో మూడు నెలలు చేసి చూపించండి. ఈలోపు ఓపీ రిజిస్టర్ లెక్క మాత్రం ఆపొద్దు, దానికి ఎవరి గ్రాంటూ అక్కర్లేదు. సూపరింటెండెంట్ గారి అనుమతి, ఎథిక్స్ కమిటీ కాగితం ఉంటే సోమవారమే మొదలుపెట్టొచ్చు.